బెల్లం మూటలతో నూరు మైళ్లు

కారు నడపడం రాకముందే కారు ఎట్లా నడపాలో ఊరంతా చెప్పుకుంటూ తిరిగిన తెలివితక్కువవాణ్ణి నేను. ఇందులో దాచిపెట్టేదేమీ లేదు. దాచినా దాగదు, విన్నవాళ్లు ఇంకా తిరుపతిలోనే ఉన్నారు. నా ఈడువాళ్లు సినిమా హాలు ముందు నిలబడి ఏ హీరో గొప్పో తేల్చుకుంటుంటే, నేను వెళ్లి ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మలుపులో వచ్చే మనస్పర్థల గురించి మాట్లాడేవాణ్ణి. మదరాసు పోయినప్పుడల్లా పాత పుస్తకాల అంగళ్లలో విదేశీ కార్ల పత్రికలు ఏరుకొచ్చేవాణ్ణి. అర్థమైనంతవరకు చదివి, కానిచోట నాకు తోచిన అర్థం పెట్టుకుని, మర్నాటికల్లా ఉపన్యాసం సిద్ధం చేసేవాణ్ణి. అప్పటికి నాకున్న చక్రాలు రెండే, అవీ సైకిలువి. ఆ సైకిలుకు పనిచేసే బ్రేకు ఒకటే. అయినా నూట ఇరవై మైళ్ల వేగంలో బ్రేకు ఎట్లా తొక్కాలో అడిగినవాడికీ అడగనివాడికీ వివరించేవాణ్ణి. అడిగినవాడు ఒక్కడూ లేడు.

తెలివితక్కువతనం అంతవరకే ఒప్పుకుంటాను. వేగం మీద నాకున్న ప్రేమను మాత్రం ఆ పద్దు కింద రాయనివ్వను. ఈ వయసులో మనిషి తన పాత సరదాల గురించి చెప్పడం మొదలుపెడితే, చివర్లో చేతులు కట్టుకుని ‘అప్పట్లో తెలియక చేశాను’ అంటాడని అందరూ ఎదురుచూస్తారు. నేను తెలిసే చేశాను. ఇప్పుడు తాళం చేతికిచ్చినా మళ్లీ చేస్తాను, మోకాళ్లు ఒప్పుకుంటే.

మా ఇంట్లో ఏ కోరికకైనా ఒకటే జవాబు ఉండేది: మనకెందుకు. మా నాయన బడిపంతులు. ఆయన మంచి పంతులే కానీ, పిల్లల కోరికలకు మాత్రం సున్నా మార్కులే వేసేవాడు. రేడియో కొందామంటే మనకెందుకు. మంచి చెప్పులు కొందామంటే మనకెందుకు. కారు అనే మాట మా ఇంట్లో అనడానికి కూడా లేదు, మనకెందుకు అని పూర్తిగా అనకుండా ఒక్క చూపు చూసేవాడు. నాకు కొండమీది ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చాక ఆ చూపు కాస్త మెత్తబడింది. కోరిక మాత్రం మెత్తబడలేదు.

కారు నడపడం చివరికి మా చిన్నాయన దగ్గర నేర్చుకున్నాను. ఆయనకు ఒక పాత నల్ల టాక్సీ ఉండేది. అలిపిరిలో యాత్రికులను ఎక్కించుకుని కొండమీద దించి రావడం ఆయన పని. కిందికి ఖాళీగా వచ్చేటప్పుడు స్టీరింగు నాకిచ్చి పక్కన కూర్చునేవాడు. ఆయనకు మాటలు తక్కువ, మొట్టికాయలు ఎక్కువ. మలుపులోకి దిగాక బ్రేకు తొక్కితే ఒక మొట్టికాయ. బ్రేకు పని మలుపుకు ముందే, దారి తిన్నగా ఉన్నప్పుడే అయిపోవాలి. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటరు మీదినుంచి కాలు తీసేస్తే రెండోది. పిట్టగోడను చూస్తూ నడిపితే అన్నిటికన్నా గట్టిది. కళ్లు ఎక్కడుంటే బండి అక్కడికే పోతుంది కాబట్టి, దారి ఎక్కడ బయటపడుతుందో అక్కడే చూడాలి. నా పత్రికల్లో బొమ్మలేసి చెప్పిందీ ఇదే. మదరాసు అంగట్లో కొన్న కాగితమూ చిన్నాయన వేలి కణుపులూ ఒకే మాట చెప్పడం చూసి నాకు మహా ధైర్యం వచ్చింది. తల మాత్రం కొంచెం అణిగింది.

ఇట్లాంటి రోజుల్లో మా బావ కారు కొన్నాడు.

బావ అంటే మా అక్క మొగుడు. చిత్తూరులో బెల్లం మండీ, ఊరి బయట చెరుకు, మామిడి తోపులు. మనిషి మంచివాడే. ఆ మాట ఆయనే అందరికీ చెబుతుంటాడు. మదరాసులో ఏదో దేశపు రాయబారి కచేరీలో పనిచేసి తిరిగి వెళ్లిపోతున్న దొర ఒకాయన తన కారు అమ్ముతున్నాడని తెలిసి, వెళ్లి బెల్లం బేరమాడినట్టు బేరమాడి తెచ్చుకున్నాడు. రెండే తలుపులు, పొడుగాటి ముక్కు, ఆ ముక్కులో ఆరు సిలిండర్లు. పండుమిరప రంగు. నిలబడి ఉన్నా పరిగెత్తుతున్నట్టుండేది. పరిగెత్తుతున్నామని చెప్పి నిలబడిపోయే ఫైళ్లను రోజూ చూసే నా కళ్లకు అది పండగే.

పూజ అలిపిరిలో చేయించారు. ముక్కు మీద పసుపూ కుంకుమా పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచారు. బండి నెమ్మదిగా కదిలి వాటిని చిదుముకుంటూ ముందుకు పోవడం ఆచారం. మా బావ క్లచ్చి వదిలిన తీరుకు వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి, ఒక నిమ్మకాయ తొక్కా రసమూ వేరై, టెంకాయ కొట్టిన పూజారి పంచె మీద పడింది. ఆయన పంచె చూసుకుని, బండికి పోయిన దిష్టి నాకు తగిలిందప్పా అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. వెనక చక్రాలు అంత తేలిగ్గా నేలను వదిలేసే బలం ఎంతటిదా అని చూస్తున్నాను. ఆ క్షణంలోనే నాకు ఒక కోరిక పట్టుకుంది. ఆ స్టీరింగు వెనక కూర్చుని, ఒక్కసారి, గంటకు నూరు మైళ్లు దాటాలి. వందకు వందనం చేసి రావాలి. అంతకుమించి ఏమీ వద్దు.

మా బావ ఒప్పుకోలేదు. ఎన్నిసార్లు అడిగినా నవ్వి, ఉపన్యాసాలకు పక్క సీటే బాగుంటుందని, స్టీరింగు ముందుంటే చేతులు ఊపడానికి వీలుండదని అనేవాడు. పెళ్లిళ్లలో, తిరునాళ్లలో నన్ను చూపించి, మా బామ్మర్ది కారు పుస్తకంలోనే నడుపుతాడు, పెట్రోలు ఖర్చే లేదు అనేవాడు. ఆ పేరు నాకు అంటుకుంది. చిత్తూరు పోతే మండీలో హమాలీలు కూడా ‘పుస్తకం డ్రైవరు వచ్చినాడు’ అని లోపలికి కబురు పంపేవాళ్లు.

ఇంతలో కారులో ఒక చిక్కు బయటపడింది. చిత్తూరునుంచి పలమనేరు పోయే దారిలో, మొగిలి ఘాటు ఎక్కకముందు కొంత దూరం దారి గీత గీసినట్టుంటుంది. తెల్లవారుజామున ఎద్దులబండ్లు లేచేలోపు మా బావ అక్కడికి పోయి కారును తరిమేవాడు. ఎనభై దాటితే స్టీరింగు చేతిలో ఉన్నట్టే లేదని, గాలిపటం దారం పట్టుకున్నట్టుందని వచ్చి చెప్పాడు. ఆ మాట ఆయన నోట వినగానే నాకు ఒళ్లు పులకరించింది, ఎందుకంటే అది అచ్చం పత్రికల్లో చదివిందే. ఆ వేగంలో గాలి కారు ముక్కు కిందికి దూరి దాన్ని పైకెత్తుతుంది. ముందు చక్రాలు నేల మీద ఉంటాయి కానీ ఆనవు. అప్పుడు స్టీరింగు తిప్పడమంటే ఆజ్ఞ కాదు, మనవి.

దీనికి మా బావ కనిపెట్టిన మందు బెల్లం.

నవ్వకండి. వానాకాలంలో చెరుకు తోటల్లో జీపు బురదలో దిగబడితే, వెనక రెండు మూటల బెల్లం వేస్తారు. వెనక చక్రాలకు బరువు తగిలి నేలను కరిచిపట్టుకుంటాయి, జీపు బయటికొస్తుంది. చిత్తూరు చుట్టుపక్కల చెరుకు పండించే ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. ఆ జీపు వైద్యాన్ని మా బావ ఈ కారుకు చేయబోయాడు. బండి తేలిపోతోంది, కాబట్టి డిక్కీలో బరువెయ్యాలి. బరువంటూ వేశాక అది బెల్లమే ఎందుక్కాకూడదు, మదరాసు దాకా పోతే అక్కడి షావుకారుకు దించి రావచ్చు కదా అన్నాడు. మదరాసు మాట ఎందుకొచ్చిందంటే, ఆ ఊరికి ఉత్తరాన యుద్ధకాలంలో విమానాలకోసం వేసి వదిలేసిన సిమెంటు దారి ఒకటుండేది. దానిమీద కార్ల పందేలు జరిగేవి. పందేలకు ముందు ఒకరోజు, కారున్నవాళ్లెవరైనా వచ్చి తోలి చూసుకోవచ్చు. మా బావ ఆ రోజుకు పోవాలని తీర్మానించుకున్నాడు.

ఈ సంగతంతా చిత్తూరులో వాళ్లింట్లో భోజనాల దగ్గర చెప్పాడు. ఇంటిల్లిపాదీ ఉన్నారు. నేను ఆగలేకపోయాను.

“బావా, ముక్కు లేస్తా ఉంటే తోకకు బరువు కడతావేంది. ముక్కు ఇంకా లేస్తాది. మలుపులో ఆ తోక తిరుక్కోని ముందుకొచ్చేస్తాది.”

ఆయన అన్నం కలపడం ఆపలేదు. “నువ్వు ఎనభై ఎప్పుడన్నా పోయినావా?”

“లే.”

“డెబ్బై?”

“లే.”

“మీ చిన్నాయన టాక్సీలో నలభై పోయుంటావు, అదీ దిగుడులో. నలభై వోడు ఎనభై వోడికి సెప్పేదేందబ్బా. తిను, సల్లారిపోతాది.”

పంక్తిలో నవ్వు ఈ కొసనుంచి ఆ కొసకు వడ్డనలా పోయింది. నాకు చారు ఎక్కువ, మాట తక్కువ అయింది ఆ పూట. కోపం వచ్చిందీ అంటే నవ్వినందుకు కాదు. నేను చెప్పింది తప్పని ఆయన అనలేదు. తప్పో ఒప్పో చూడనేలేదు. ఎనభై పోనివాడికి ఎనభై గురించి మాట్లాడే హక్కు లేదన్నాడు. పోదామంటే తాళం ఇవ్వనన్నాడు. వేగం కూడా పొలంలాగా, ఉన్నవాడే దాని గట్టుమీద నిలబడి మాట్లాడాలన్నమాట. మా నాయన చూపును భరించాను కానీ ఇది భరించలేకపోయాను. ఆ కారు నడపకుండా ఈ జన్మలో దాని గురించి నోరెత్తేది లేదని ఆ పూటే అనుకున్నాను. నోరెత్తకుండా ఉండటం నావల్ల కాదు కాబట్టి, నడపాల్సిందే.

నేను బయలుదేరుతుంటే మా అక్క నడవలోకి వచ్చి గొంతు తగ్గించి చెప్పింది. “నువ్వు సెప్పిందే నిజమైతే ఆయన పక్కన ఎవురో ఒకరు ఉండాల కదరా. ఆయన ఎట్లా వినడు. నువ్వు పో.” అక్క ఒక్కతే నా మాటను తూకం వేసి చూసింది.

అలా నేను, మా బావ, డిక్కీలో బెల్లం మూటలు, ఆయన వచ్చి నన్ను ఎక్కించుకున్నాక తిరుపతినుంచి పుత్తూరు, నాగలాపురం, సత్యవేడు మీదుగా పోయాం. దారిపొడుగునా బెల్లం వాసన. ముందు చక్రాలు ఎంత తేలిపోయాయో పక్క సీట్లో ఉన్న నాకే తెలుస్తోంది; కారు ముక్కు ఎత్తుకుని, కొత్తగా సర్పంచి అయినవాడిలా నడిచింది.

ఆ సిమెంటు దారి నేననుకున్నంత అందంగా లేదు. పలకలు పలకలుగా పరిచిన సిమెంటు, సందుల్లో గడ్డి, రెండు పక్కలా తుమ్మచెట్లు, ఒక పక్కనుంచి సముద్రపు గాలి. చివర్లో దారిని మలుపు తిప్పి, మలుపు బయట పక్కన గడ్డి మోపులు గోడలా పేర్చారు. ఖాకీ నిక్కరు వేసుకున్న ముసలి దొర ఒకాయన, దొరంటే మన దేశపువాడే, జెండా పట్టుకుని నిలబడి ఉన్నాడు. తలకు హెల్మెట్లు పెట్టించి, బెల్టులు బిగించమన్నాడు. డిక్కీ తెరిచి చూడాలని ఆయనకు తోచలేదు. కారు పందేనికి ఎవరైనా బెల్లం తెస్తారని ఆయన తన సర్వీసులో ఊహించి ఉండడు.

మొదటి పరుగు మా బావది. తిన్నటి దారిలో బాగానే పోయాడు. ముల్లు తొంభై దాటింది. ముక్కు అటూ ఇటూ వెతుక్కుంటోంది, ఆయన చేతులు దాని వెంట పడుతున్నాయి. మలుపు వచ్చింది. ఆయన బ్రేకు ఆలస్యంగా తొక్కాడు, తిప్పాడు, తిప్పాక భయపడి కాలు పూర్తిగా తీసేశాడు. వెనకనుంచి ఎవరో చేత్తో తోసినట్టు తోక బయటికి పోయింది. ఆ తరవాత కారు కదల్లేదు, లోకమే కదిలింది: సిమెంటు, తుమ్మచెట్లు, జెండా పట్టుకున్న దొర, మళ్లీ సిమెంటు. దొర రెండోసారి కనిపించినప్పుడు జెండా లేదు, పరిగెత్తుతున్నాడు. గడ్డి మోపుల్లోకి వెనక్కి దూరి మెత్తగా ఆగాం.

దెబ్బలేమీ తగల్లేదు. స్టీరింగు విదిలించిన విదిలింపుకు మా బావ కుడి మణికట్టు బెణికింది, అంతే. డిక్కీ మూత లేచి మూటలు పగిలి, గడ్డిమీద బెల్లం ముద్దలు దొర్లాయి. పరుగు కోసం బరువు వేస్తే పరువు పోయింది. చుట్టూ చేరినవాళ్లు మొదట మనుషులను చూశారు, తరవాత కారును చూశారు, ఆ తరవాత చాలాసేపు బెల్లాన్ని చూశారు. ఒకాయన తమిళంలో, ఇది బ్రేకు నూనెకు బదులా అని ఎంతో మర్యాదగా అడిగాడు. ముసలి దొర మాత్రం ఒక ముక్క నోట్లో వేసుకుని కారు చుట్టూ తిరిగి చూశాడు.

మా బావ మణికట్టు పట్టుకుని నా వైపు తిరిగాడు. నేను పక్కన కాళ్లు బిగించుకుని కూర్చోవడం వల్లనే ఆయన మనసు చెదిరి కారు తిరిగిందన్నాడు. నేను ఎనభై ఎప్పుడూ పోనివాణ్ణి కదా, నా భయం అంటువ్యాధిలా ఆయనకు తగిలిందట.

దొర చక్రాలు తట్టి, కిందికి వంగి చూసి, వెనక బంపరు వంగిందే గానీ కారుకేమీ కాలేదని, ఇంకో పరుగుకు టైముందని, ఎవరు తోలుతారని అడిగాడు.

“ఎవురూ లే” అన్నాడు మా బావ.

“నేను” అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. నేను ఎప్పుడూ లేనంత తీరిగ్గా మాట్లాడాను, లోపల గుండె మాత్రం ఘాటు ఎక్కుతోంది.

“నీ సెయ్యి పన్జేయదు బావా. చిత్తూరు దాకా బండి నేనే తోలాల. ఈడ ఒక్కసారి తోలనిస్తే ఇంటిదాకా తోలుతా. లేదంటే మదరాసు పోయి బస్సెక్కుతా. నువ్వు, కారు, బెల్లం, ఎట్లనో ఒకట్ల వొచ్చుకోండి.”

“కారుకేమన్నా అయితే?”

“అయ్యేదంతా ఇందాకే నీ సేత్తో అయిపోయింది కదా.”

ఆయన పోయి వంగిన బంపరును ఒకసారి తడిమి వచ్చాడు. పక్కన తాను కూర్చుంటేనే సరేనన్నాడు, కారు మీద నమ్మకంతో కాదు, నా మీద అపనమ్మకంతో. కూర్చోమన్నాను. మిగిలిన బెల్లమంతా కిందికి దించాను. మా బావ మంచి భారీ మనిషి. ఆ బరువు ముందు సీట్లో ఉండటం కారుకు చేసిన మేలు ఆయనకు చెప్పలేదు, చెబితే దిగిపోతాడని.

ఇప్పుడు నేను చెప్పబోయేది మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. ఇక్కడ ప్రయత్నిస్తాను.

అరవై వరకు కారు ఒక యంత్రం. ఇంజిను చప్పుడు, గేరు మారిన కుదుపు, కాళ్లకు తగిలే వేడి, కాలిన నూనె వాసన, అన్నీ విడివిడిగా తెలుస్తాయి. సిమెంటు పలకల సందులు చక్రాల కింద టక టక మని లెక్కపెట్టుకునేటట్టు ఉంటాయి. డెబ్బై దాటాక ఆ టకటకలు ఒకదాన్నొకటి తరుముకుని, చివరికి ఒకే రాగమైపోతాయి. ఎనభై దగ్గర ఇంజిను చప్పుడు వెనకబడి గాలి చప్పుడు ముందుకొస్తుంది. అద్దం అదిరి అదిరి, అందులో వెనకటి లోకం నీళ్లు కలిపిన పాలలా పలచబడిపోతుంది. వెనక ఏముందో ఇక అనవసరం.

అప్పుడొచ్చింది ఆ తేలిక. స్టీరింగులో బరువు ఎవరో దొంగిలించినట్టు పోయింది. బెల్లం దించినా ఆ తేలిక పూర్తిగా పోలేదు, గాలి తన పని తాను చేస్తోంది. అంతకుముందు మా బావ ఇక్కడే గట్టిగా పట్టుకున్నాడు. నేను పట్టు వదిలాను. వదలడమంటే వదిలెయ్యడం కాదు. వేళ్లతో పట్టుకున్నాను, నిద్రపోతున్న పసిబిడ్డ తలను పట్టుకున్నట్టు. ముక్కు కాస్త ఇటు పోయింది, కాస్త అటు పోయింది, దాన్ని పోనిచ్చాను. పోనిస్తే తనంతట తానే తిరిగొచ్చింది. తుమ్మచెట్ల మధ్య ఒక ఖాళీ వచ్చినప్పుడు సముద్రపు గాలి పక్కనుంచి భుజంతో తోసినట్టు తోసింది. కారు ఒక అడుగు జరిగింది. గట్టిగా తిప్పబోయిన చెయ్యిని ఆపుకుని, కొంచెమే, గడియారానికి కీ ఇచ్చినంత, తిప్పాను. సర్దుకుంది.

తొంభై దాటాక దారి సన్నబడింది. అంత వెడల్పు దారి, ఏడు బండ్లు పక్కపక్కన పోగల దారి, తాడులా కనిపిస్తుంది. పక్కనున్న చెట్లు చెట్లు కావు, ఆకుపచ్చటి గీత. కళ్లు దగ్గరదేదీ చూడలేవు, చూడకూడదు. ఎత్తుపల్లాలు కుదుపులుగా తగలవు; కారు ఒకసారి పైకి ఊపిరి తీసుకుని, కొంతసేపటికి తీరిగ్గా వదులుతుంది. వింత ఏమిటంటే, అక్కడ తొందర ఉండదు. బయటినుంచి చూసేవాళ్లకు అది తొందర. లోపల అంత నిదానం నేను ఏ గుళ్లోనూ చూడలేదు. ప్రతి సంగతీ ఒకదాని తరవాత ఒకటి వచ్చి, నా ముందు నిలబడి, పేరు చెప్పుకుని పోతోంది.

ముల్లు నూరును దాటింది. దాటి, వణుకుతూ, ఇంకొంచెం పోయింది. నాకు నవ్వొచ్చింది. అరవాలనిపించలేదు. ‘మనకెందుకు’ అని చిన్నప్పటినుంచి నేర్పిన నోళ్లన్నీ ఆ గాలి చప్పుడు అవతల ఎక్కడో ఉన్నాయి, ఏమీ వినిపించలేదు. ఇది నాకే, అనుకున్నాను. పత్రికలు చదివినందుకు, మొట్టికాయలు తిన్నందుకు, నవ్వులపాలైనందుకు, ఇది నాకే.

మలుపు చాలా దూరంలో ఉండగానే, దారి తిన్నగా ఉన్నప్పుడే బ్రేకు తొక్కాను. గబుక్కున కాదు, గట్టిగా, పిండినట్టు. కారు ముక్కు కిందికి వంగింది, పోయిన బరువంతా స్టీరింగులోకి తిరిగొచ్చింది. కాలిన బ్రేకు వాసన. గేరు తగ్గించి, గడ్డి మోపుల వైపు చూడకుండా మలుపు ఎక్కడ ముగుస్తుందో అక్కడ చూసి తిప్పాను. తోక కాస్త కదిలింది, వెళ్లనా అని అడిగినట్టు. కాలు తియ్యలేదు. అంతే ఉంచి, పిసరంత ఎక్కువ తొక్కాను. తోక కుదురుకుంది. బయటపడ్డాం.

దొర జెండా ఒకసారి పైకెత్తి దించాడు. అది నమస్కారమో, వాళ్ల లెక్కలో మామూలు గుర్తో నాకు తెలీదు. నేను నమస్కారమనే తీసుకున్నాను.

మా బావ డాష్‌బోర్డు మీదినుంచి మంచి చెయ్యి తీసి, రుమాలు వెతుక్కున్నాడు. కారు పూర్తిగా ఆగాక, గాలి తగ్గిందని, అందుకే కుదిరిందని అన్నాడు. ఆపైన, గడ్డిలో దొర్లిన బెల్లం షావుకారుకు పనికిరాదు కాబట్టి మళ్లీ మూటలు కట్టి డిక్కీలో వేసుకుని, సత్యవేడు దాటాక, అసలు మాట చెప్పాడు. ఇంట్లో అందరికీ చెప్పేటప్పుడు నూరు తానే పోయానని చెబుదామన్నాడు. ఆ తిరుగుడు సంగతి మాట్లాడే పనే లేదట. అంత ఇల్లు, మండీ, నలుగురిలో తిరిగే మనిషి, బామ్మర్ది చేత తోలించుకున్నానంటే బాగుండదట. “నీకెట్టా ఇదంతా అవసరం లే కదబ్బా. నువ్వు తోలినావు, సాలు. నీ మనసుకు తెలుసు.”

నా మనసుకు ఎనభై సంగతి కూడా ముందే తెలుసు. దానివల్ల ఒరిగిందేమిటో భోజనాల పంక్తిలో చూశాను కదా.

నాగలాపురం దగ్గర చెరుకు లోడుతో ఒక ట్రాక్టరు మా ముందుకొచ్చింది. ట్రాలీ దారంతా నిండి, గడలు వెనక్కి వేలాడుతూ నేలను ఊడుస్తున్నాయి. నేను దాని వెనక చేరి, రెండో గేరులో పెట్టాను. మా బావకు ముందు ఏదైనా బండి పోతుంటే ఒంటిమీద చీమలు పాకినట్టుంటుంది. ఎద్దులబండి అయినా సరే దాటేదాకా సీట్లో కుదురుండదు. ఆయన కొంచెంసేపు ఓపిక పట్టాడు. తరవాత హారను కొట్టమన్నాడు. పాపం పెద్ద లోడు, బెదిరిస్తే బాగుండదన్నాను. దారి ఖాళీగా ఉంది, దాటమన్నాడు. ఎదురుగా ఏదో వస్తున్నట్టుందన్నాను. ఏమీ రాలేదు. వెనకనుంచి పుత్తూరు బస్సు మమ్మల్నీ ట్రాక్టరునూ కలిపి దాటిపోయింది. అరటిగెలల లారీ దాటింది. తరవాత రెండు పాల క్యాన్లు కట్టుకున్న మోపెడ్ ఒకటి, టపటపమంటూ వచ్చి, పక్కన కొంతదూరం మాతోపాటే నడిచి, దానిమీది పెద్దమనిషి ఆ పొడుగాటి ఎర్ర కారునూ అందులోని మా బావనూ జాలిగా చూసి, ముందుకు పోయాడు.

అప్పుడు మా బావ, కిటికీలోంచి బయటికి చూస్తూ, చాలా చిన్న గొంతుతో అన్నాడు. “సరేలే. నువ్వే తోలినావని సెప్తా. తిరిగిందీ సెప్తా. దాటు.”

“ఇంజిను సద్దులో వినపడలే బావా.”

ఇంజిను ఆ వేగంలో ఉందో లేదో కూడా తెలియనంత నిశ్శబ్దంగా ఉంది. ఆయన గొంతు సవరించుకుని అదే మాట పెద్దగా అన్నాడు. చెరుకు లోడు మీద కూర్చున్న కూలీ ఒకడు తలెత్తి చూశాడు.

రేపు మీ ఇంట్లో పంక్తిలో ఈ మాట ఇంతే గట్టిగా అన్నాక దాటతానని చెప్పి, పుత్తూరు దాకా ఆ ట్రాక్టరు వెనకే పోయాను. మా బావ దారిపొడుగునా వేలాడే ఆ చెరుకు గడలను చూస్తూ కూర్చున్నాడు. అవి ఆయన తోటవి కూడా కావు.